కీ ఇంకా రాని లెక్క: విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోంది?

ఈ నెల సైన్స్ పేజీలో మీ పిల్లలతో కలిసి చదవదగిన ఒక లెక్క ఉంది. ఇద్దరు చేశారు, ఇద్దరూ జాగ్రత్తగానే చేశారు, జవాబులు మాత్రం కలవలేదు.

గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా మన నుంచి దూరమవుతోందని 1929లో ఎడ్విన్ హబుల్ చూపించారు. బెలూన్ మీద పెన్నుతో చుక్కలు పెట్టి ఊదితే ఇది అర్థమవుతుంది. ఆ విస్తరణ వేగం ఎంత అన్నదే ప్రశ్న.

మొదటి పద్ధతి, దూరాలు కొలవడం. సెఫీడ్ అనే నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గుతుంటుంది. అందుకు ఎక్కువ రోజులు పడితే ఆ నక్షత్రం అసలు వెలుగూ ఎక్కువే. హార్వర్డ్‌లో ఫొటో ప్లేట్లు పరిశీలించే ఉద్యోగి హెన్రియెట్టా లీవిట్ 1912లో ఈ సూత్రం ప్రకటించారు. (పిల్లలకు చెప్పాల్సిన పేరు.) వీధి చివరి బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, అది ఎంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం చెప్పొచ్చు కదా, అలాగే ఇదీ. సెఫీడ్‌ల సాయంతో సూపర్‌నోవాల వెలుగును, వాటితో ఇంకా దూరపు గెలాక్సీలను కొలిచి ఆడమ్ రీస్ బృందం చెప్పిన జవాబు: ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు సుమారు 73 కిలోమీటర్లు.

రెండో పద్ధతి, పాత వెలుగును చదవడం. బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 3,80,000 ఏళ్లకు బయలుదేరిన కాంతి ఇప్పుడు మైక్రోవేవ్‌లుగా మనకు చేరుతోంది. దాన్ని యూరప్ ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. ఆ కొలతల నుంచి 2018లో వచ్చిన జవాబు 67.4.

ఆరు మార్కుల తేడానే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో జట్టు తన లెక్కలో పొరపాటు ఒకటికి అటూ ఇటూ మించదంటోంది. దూరపు గెలాక్సీల్లో పక్క నక్షత్రాల వెలుగు సెఫీడ్‌ల వెలుగులో కలిసిపోతోందేమో అన్న అనుమానం వచ్చింది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో మళ్లీ చూస్తే పాత కొలతలు సరిగానే ఉన్నాయని తేలింది. మరోవైపు వెండీ ఫ్రీడ్‌మన్ బృందం వెబ్‌తోనే వేరే రకం నక్షత్రాలనూ చూసి 70కి దగ్గరి జవాబు చెప్పింది. అంటే పంచాయితీ తెగలేదు.

రెండు కొలతలూ నిజమైతే, విశ్వం గురించి మనం నమ్ముతున్న నమూనాలోనే ఏదో లోపించినట్టు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లని లెక్కగట్టింది కూడా ఆ నమూనాతోనే.

ఇంట్లో చేయించండి: అట్టముక్కలో 2 సెంటీమీటర్ల చదరపు రంధ్రం కోసి, ఫోన్ టార్చికి 10 సెంటీమీటర్ల ముందు నిలపండి. టార్చి నుంచి గోడ 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, 40 ఉన్నప్పుడు గోడ మీది వెలుగు చదరాన్ని స్కేలుతో కొలిపించండి. దూరం రెట్టింపైతే అదే వెలుగు ఎన్ని రెట్ల చోటుకు పరుచుకుందో పిల్లలనే చెప్పనివ్వండి.