మెట్లా, మెట్రోనా? గట్టిగా చదవడం మీద ఒక పాఠం

మన క్లబ్ కవితా పఠనం కోసం నేను రాసుకున్న కవిత శాలిబండలోని మా నానమ్మ ఇంటి గురించి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో లైన్ కోసం అక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. సాయంత్రాలు నానమ్మ కూర్చునే మూడు రాతి మెట్లు అందులో పోయాయి. కవితంతా అదే.

నాది ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు గానీ నలుగురి ముందు చదివింది లేదు. అందుకే ఆదివారం వెళ్లి ముందు నానమ్మకే వినిపించా. బయట బ్రేకర్ మెషీన్ దడదడలాడుతోంది. "మెట్లు పోయాయి" అని చదివితే, "మెట్రో పోయిందా? ఇంకా రానే రాలేదు గదరా!" అంది. గొంతు పెంచి మళ్లీ చదివా. "గట్ల ఒర్రకు. కోపంల ఉన్నట్టు ఇనబడ్తది. నాకు కోపం లేదు" అంది.

నవ్వొచ్చింది, భయమూ వేసింది. కవిత నిలబడిందే ఆ ఒక్క మాట మీద.

ఇంటికొచ్చి గురులఘువులు గుర్తించి చూశా. హ్రస్వం లఘువు, ఒక మాత్ర. దీర్ఘం గురువు, రెండు మాత్రలు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం కూడా గురువే. అంటే "మెట్లు" గురువు, లఘువు. "మెట్రో" రెండూ గురువులే. తేడా అంతా చివర్లోని ఒక ఒత్తు, ఒక అచ్చు, ఒక మాత్ర. అరిచినప్పుడు నేను "ట్లు"ని సాగదీసి ఆ మాత్ర తేడాని కూడా చెరిపేశా. పైగా చప్పుడులో అచ్చులు నిలబడతాయి, హల్లులు పోతాయి. పోయినదాన్ని చెవి తనకు అలవాటైన మాటతో నింపుకుంటుంది. ఆ వీధిలో ఇప్పుడు అందరి నోటా ఉన్న మాట మెట్రోనే.

మూడు మార్పులు చేశా. దీర్ఘాలకి పూర్తిగా రెండు మాత్రలిచ్చి, హ్రస్వాల్ని సాగదీయకుండా వదిలేశా. ముఖ్యమైన మాట తర్వాత ఒక క్షణం ఆగా. "మెట్లు"కి ముందు "నువ్వు కూర్చునే మూడు రాతి" అని చేర్చా. డేటా పంపేటప్పుడు తప్పు పట్టుకోవడానికి అదనపు బిట్లు చేరుస్తాం కదా, ఇదీ అలాంటిదే.

తర్వాతి ఆదివారం అదే మెషీన్ పక్కన, మామూలు గొంతుతో చదివా. నానమ్మ కాసేపు మాట్లాడలేదు.

"మూడు గాదురా, నాలుగు. రోడ్డు మీద రోడ్డేసుకుంట పోతే కిందిది ఎప్పుడో మట్టిల కలిసింది. నువ్వు సూడలే."

కవితలో నాలుగు అని దిద్దుకున్నా. మీరు కూడా మీ కవితని తలుపులు వేసుకుని కాదు, ఒకసారి రోడ్డు పక్కన చదివి చూడండి.