కత్తి లేకుండా ప్లాస్మాతో కుళ్లిన కండ తీస్తారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అనకాపల్లి దగ్గర పల్లె. మా నాన్నగారికి 60 ఏళ్లు, షుగర్ ఉంది. పొలంలో చెరకు మోడు గుచ్చుకుని పాదానికి పుండు పడింది. నెల దాటినా మానలేదు, అంచున కండ నల్లబడింది. ఆపరేషనంటే కాలు తీసేస్తారని ఆయన భయం. ‘కోల్డ్ ప్లాస్మా’ యంత్రంతో కోత లేకుండా చచ్చిన కండ తీసేస్తారని మా బంధువు వీడియో చూపించాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నల్లబడిందంటే ఆ కండ చచ్చిపోయినట్టే. రేపే అనకాపల్లి ఎన్టీఆర్ ఆసుపత్రిలో సర్జన్‌కి చూపించండి. అవసరమైతే విశాఖ కేజీహెచ్‌కి వెళ్లాల్సి రావచ్చు. జ్వరం వచ్చినా, పుండు వాసన వేసినా, ఎరుపు పైకి పాకినా రేపటిదాకా కూడా ఆగకండి.

ఇక ప్లాస్మా సంగతి. ఇది రక్తంలో ఉండే ప్లాస్మా కాదు. ఆర్గాన్ లాంటి వాయువులోకి విద్యుత్తు పంపితే ఎలక్ట్రాన్లు విడివడి ఆ వాయువు వెలుగుతుంది. మెరుపులో ఉండేదీ ఆ స్థితే. కాకపోతే ఈ పరికరం మొనలోంచి వచ్చే సన్నటి వెలుగు ఒంటిని తాకేచోట సుమారు 40 డిగ్రీలు మించదు. అది గాలిలో కలిసినప్పుడు పుట్టే ఆక్సిజన్, నైట్రోజన్ రసాయనాలు సూక్ష్మజీవుల్ని చంపుతాయి, పుండు మానడానికి కణాలను పురిగొల్పుతాయి. కండ కోయడం దాని పని కాదు.

జర్మనీలో తయారైన ఇలాంటి పరికరానికి 2013లో యూరప్‌లో గుర్తింపు వచ్చింది. షుగర్ పుళ్లపై జర్మనీలోనే చేసిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. మామూలు వైద్యానికి తోడుగా ప్లాస్మా వాడినవాళ్లకి పుండు త్వరగా తగ్గింది. తోడుగా మాత్రమే, వైద్యం మానేసి కాదు. ఇన్‌ఫెక్షన్ విషయంలో పెద్ద తేడా కనపడలేదు.

చచ్చిన కండ ఉన్నంతకాలం బ్యాక్టీరియాకి అక్కడ తిండి దొరుకుతూనే ఉంటుంది. దాన్ని సర్జన్ బ్లేడుతో తీసేయాలి. నాన్నగారికి ఇలా చెప్పండి: కాలు దక్కించుకోవడానికే ఆ కాస్త కండ తీస్తారు, కాళ్లు పోయేది ఎక్కువగా ఆలస్యం వల్లే. రక్తనాళాలకి డాప్లర్, ఎముకకి ఎక్స్‌రే తప్పనిసరి. షుగర్ అదుపులో ఉండాలి. ఆ పాదంపై బరువు పడకూడదు. ఇళ్లలో తప్పేది ఇదే. నొప్పి తెలియదు కనుక మళ్లీ తోటకి నడిచేస్తారు. దయచేసి ఆపండి.

ప్రశ్న: మా పాపకి టాన్సిల్స్ ప్లాస్మాతో తీస్తామన్నారు. ఇదీ అదేనా?

జవాబు: కాదు. దీన్ని కోబ్లేషన్ అంటారు. ఇది నిజంగానే కండను తొలగిస్తుంది. ఉప్పునీటిలో రేడియో తరంగాలతో పుట్టిన పలుచటి ప్లాస్మా పొర కణజాలాన్ని విడగొడుతుంది. వేడి 40 నుంచి 70 డిగ్రీలే. కరెంటుతో కాల్చే పాత పద్ధతిలో అది 400 దాటుతుంది. అయినా మత్తు ఇవ్వాల్సిందే. ఏడాదిలో 7 సార్లు గొంతునొప్పి వస్తేనో, నిద్రలో ఊపిరి ఆగుతుంటేనో ఆపరేషన్ గురించి ఆలోచించాలి. తర్వాత రెండు వారాలలోపు నోట్లో రక్తం కనపడితే, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.