పలుకని కంప్యూటరు: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతులు

2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ఏర్పడిన పిమ్మట పామిడిముక్కల మొదలు దివిసీమ వరకు మన గ్రామములలో దరఖాస్తులు, ధ్రువపత్రములు, పన్ను లెక్కలు చాలవరకు కంప్యూటరుమీదనే నడచుచున్నవి. అట్టి యంత్రము ఒక ఉదయమున మీట నొక్కినను తెర వెలుగక, పంకా మాత్రము తిరుగుచు కూర్చున్నచో, "మదర్‌బోర్డు పోయినది, క్రొత్తది కొనవలెను" అను మాట వెంటనే వినవచ్చును. ఆ మాటను పట్టుకొని కొనుగోలు తీర్మానము వ్రాయుటకు ముందు సభ్యులు తెలిసికొనవలసినది కొంత యున్నది. బోర్డు చెడుట వేరు. బోర్డులోని వ్రాత చెడుట వేరు. రెండవది తరచుగా బాగుపడును.

ఆ వ్రాతను ఫర్మ్‌వేర్ అందురు. బయోస్ అనునది దాని పాత పేరు. కాలువకు నీరు వదలునప్పుడు లాకు తలుపులు తీయు లస్కరును డెల్టావాసులకు మేము పరిచయము చేయనక్కరలేదు. వీరంకిలాకు ఊరి పేరులోనే లాకున్నది. కంప్యూటరునకు ఫర్మ్‌వేర్ అట్టి లస్కరు. విద్యుత్తు అందగానే అది మేల్కొని, జ్ఞాపకశక్తి పలకలను, తెరను, డిస్కును వరుసగా పరీక్షించి, పిమ్మటనే విండోసునకు దారి విడుచును. ఎనిమిది కాళ్లు గల ఒక చిన్న చిప్పులో ఇది భద్రపరచబడి యుండును. తయారీదారులు అప్పుడప్పుడు దీనికి సవరణలు పంపుదురు. ఆ సవరణ చిప్పులో వ్రాయబడుచుండగా కరెంటు పోయినచో వ్రాత సగములో ఆగును. గాలివానల కాలమున మన తీరప్రాంతములో కరెంటు పోవుట యెంత మామూలో చెప్పవలసిన పని లేదు.

దురుద్దేశముతో ఈ వ్రాతను చెరపిన ఉదాహరణము కూడ కలదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అను వైరసు మన దేశముతోపాటు పలు ఆసియా దేశములలో యంత్రములను మూగవానిగా చేసెను. అయితే ఆ వైరసు డిస్కులోని సమాచారమును గూడ పాడుచేసినది. సవరణ మధ్యలో ఆగినప్పుడు డిస్కు జోలికి ఏదియు పోదు. పంచాయతీ లెక్కలు దానిలో భద్రముగనే యుండును. కావున డిస్కును ఫార్మాటు చేసెదమని ఎవరైన ముందుకు వచ్చినచో సభ్యులు గట్టిగా వారింపవలెను.

మొదట గ్యారంటీ గడువు చూడుడు. గడువున్నచో పెట్టె విప్పక కంపెనీవారికి తెలుపవలెను. లేనిచో తెర తీగను, విద్యుత్ సరఫరాను పరీక్షించి, గోడప్లగ్గు ఊడదీసి, ర్యామ్ పలకలను తీసి మరల బిగించి చూడవలెను. చాలసార్లు దోషమచ్చటనే తేలును. నాణెమువంటి 3 వోల్టుల బ్యాటరీని కొన్ని నిమిషములు తీసి పెట్టిన అమరికలు మాత్రమే మొదటికి వచ్చును. చెడిన ఫర్మ్‌వేర్ దానితో బాగుపడదు.

పిమ్మట పెన్‌డ్రైవు మార్గము. పెక్కు యంత్రములలో ఇట్టి ఆపదకై ఒక రక్షణ భాగము విడిగా నుంచబడును. తయారీదారుని సొంత వెబ్‌సైటునుండి సరిగా అదే మోడలు ఫైలును మరియొక కంప్యూటరులో దింపుకొని, వారు చెప్పిన పేరుతో పెన్‌డ్రైవులో నుంచవలెను. హెచ్‌పీ యంత్రములు పెక్కింటిలో విండోస్ మీటను, బి మీటను కలిపి నొక్కిపట్టి యంత్రమును వెలిగించుదురు. డెల్ వారి పద్ధతిలో కంట్రోల్, ఎస్కేప్ మీటలు. కొన్ని ఆసుస్ బోర్డులకు వెనుకవైపున దీనికే ఒక బొత్తాము కలదు. పని పూర్తియగువరకు ఎవరును మీట తాకరాదు. తెర నల్లగా నున్నదని తొందరపడి ఆర్పుట వలన రెండవమారు చెడిన యంత్రములు లేకపోలేదు.

ఇదియు ఫలించనిచో ప్రోగ్రామరు అను చిన్న పరికరముతో చిప్పులోనికి నేరుగా వ్రాయవచ్చును. సీహెచ్341ఏ అను రకము కొన్ని వందల రూపాయలకే లభించును. ఇది నేర్పరియైన మెకానిక్కు చేయవలసిన పని. చిప్పు 3.3 వోల్టులదో, 1.8 వోల్టులదో చూడక తగిలించినచో చిప్పు కాలిపోవచ్చును. క్రొత్తది వ్రాయుటకు ముందు పాత వ్రాతను రెండుమారులు చదివి, రెండును సమానముగా నున్నవేమో పోల్చి, భద్రపరచవలెను. యంత్రపు క్రమసంఖ్య, నెట్‌వర్కు చిరునామా తరచుగా అందులోనే యుండును. "పాతది తీసి దాచితివా?" అని మెకానిక్కును అడుగుడు. ఈ ఒక్క ప్రశ్నతో అతని పనితన మెట్టిదో తెలియును.

యంత్రము తిరిగి పలికిన తరువాత కొన్నింటిలో బిట్‌లాకర్ 48 అంకెల తాళపుసంఖ్యను అడుగును. అది లేనిచో డిస్కులోని దేదియు తెరువరాదు. కార్యదర్శిగారు ఆ సంఖ్యను నేడే కాగితముపై వ్రాసి బీరువాలో నుంచవలెను. యూపీఎస్ బ్యాటరీ పాతదైనచో దానిని మార్చుటకు నిధులు కేటాయించి, ఆ పిమ్మటనే ఫర్మ్‌వేర్ సవరణకు అనుమతి నిచ్చుట మంచిది.