తట్టి చూసి అడుగు వెయ్యి

మార్కాపురం

చిరంజీవి అమ్మాయికి నాయన ఆశీర్వదించి రాసే ఉత్తరం. 

నిన్ను గోవాలో వదిలి నిన్న ఇల్లు చేరాం. అమరావతి ఎక్స్‌ప్రెస్ గిద్దలూరు, కంభం మీదుగా మన మార్కాపురం రోడ్డు స్టేషనుకు వచ్చిపోవడం ఏళ్ళ తరబడి చూస్తున్నాను. అదే బండిలో వాస్కో దాకా పోయి ఆటో ఎక్కితే అంటార్కిటికాకు మనుషుల్ని పంపే ఆఫీసు వస్తుందని మాత్రం నీ వల్లే తెలిసింది. వచ్చేటప్పుడు మీ అమ్మ దారి పొడుగునా మాట్లాడలేదు. గాజులపల్లె దాటి బండి నల్లమలలో పడ్డాక ఒక్క మాట అనింది: "రెండు నెలలు పొద్దే పొడవదంట గదా, పిల్లకు పూట ఎట్లా తెలుస్తుంది?" అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆలోచించుకుని ఇప్పుడు రాస్తున్నాను.

హెడ్‌ల్యాండ్ సడా గుట్ట మీది ఆ ధ్రువ పరిశోధన కేంద్రానికి వచ్చేటప్పుడు నాలో భయం తప్ప ఏమీ లేదు. అక్కడ వేలాడే పెద్ద గుండు మీద వెలుగుతో భూగోళాన్ని చూపించారు గదా, కింది కొసన తెల్లటి ముద్ద. మన మార్కాపురం ఎక్కడుందని వెతికి, అక్కడినుంచి ఆ తెల్లదాని దాకా బెత్తెలతో కొలిచాను. కొలవడం అయ్యాక భయం కొంచెం తగ్గింది. నువ్వు చిన్నప్పుడు చెప్పిందీ గుర్తొచ్చింది. మన పలకరాయి పొరలకు భూగర్భశాస్త్రం కంభం పేరే పెట్టిందనీ, తూర్పు కనుమలూ తూర్పు అంటార్కిటికా ఒకప్పుడు ఒకే నేలగా ఉండి సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయనీ అన్నావు. అట్లా చూస్తే నువ్వు పోయేది పాత పొత్తుల ఇంటికే.

నాకు మంచు సంగతి తెలియదు, రాయి సంగతి తెలుసు. దాన్నిబట్టే చెబుతాను.

పలకరాయి గనిలో బండను ఉలితో చీల్చే ముందు మా పాత మేస్త్రీ సుత్తితో ఒకసారి తట్టి చెవి ఒగ్గేవాడు. ఖంగుమని మోగితే గట్టి రాయి. బోలుగా పలికితే లోపల పగులుందన్నమాట. పాతికేళ్ళ వయసులో నేను ఆయన మాట పెడచెవిన పెట్టి, తొందరలో తట్టకుండానే బండ కింద చెయ్యి పెట్టాను. నా ఎడమచేతి రెండు వేళ్ళు ఎందుకు వంగవని చిన్నప్పుడు అడిగేదానివి గదా, అదీ కథ. ఆ రోజు తప్పు రాయిది కాదు, నాది. మంచులోనూ పైన గట్టిగా కనబడి కింద లోయంత చీలిక ఉండొచ్చనీ, కర్రతో పొడిచి చూసుకుంటూ నడవాలనీ మీవాళ్ళు చెబుతుంటే నాకు మేస్త్రీ సుత్తే వినబడింది. తట్టి చూడనిదే అడుగు వెయ్యొద్దు. తోడు లేనిదే గడప దాటొద్దు.

"ఇంత దూరం వచ్చి వెనక్కి పోవడమా" అనే మాట నీ నోట రాకూడదు. మన దేశమే వెనక్కి తగ్గింది. 1983-84లో అంటార్కిటికాకు పోయిన మన మూడో యాత్రవాళ్ళు సముద్రపు ఒడ్డున మంచుపలక మీద దక్షిణ గంగోత్రి కేంద్రం కట్టారు. ఏటేటా మంచు కప్పేసి అది కూరుకుపోతుంటే, అభిమానానికి పోయి పట్టుకు వేళ్ళాడలేదు. లోపలికి పోయి, షిర్మాకర్ ఒయాసిస్‌లో రాతినేల చూసుకుని 1989లో మైత్రి కేంద్రం నిలబెట్టారు. నువ్వు ఉండబోయేది అందులోనే. కాబట్టి మీ నాయకుడు "ఈ రోజు వద్దు, ఆగు" అంటే ఆగు. గాలి తగ్గాక నువ్వు చూడాలనుకున్న రాయి అక్కడే ఉంటుంది.

అదే మూడో యాత్రలో సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ వెళ్ళారు. అంటార్కిటికాలో అడుగుపెట్టిన మొదటి భారతీయ మహిళా శాస్త్రవేత్తలు వాళ్ళు. సుదీప్త గారిదీ నీలాగే రాళ్ళ చదువు. 2016-17లో ఇస్రో మంగళా మణి 56 ఏళ్ళ వయసులో అక్కడి మన ఇంకో కేంద్రం భారతిలో 403 రోజులు ఉండి వచ్చారు. అంతకుముందు ఆవిడ మంచు కురవడమే చూడలేదట. 45 డిగ్రీల ఎండలో పెరిగిన నీకూ కొత్తే అవుతుంది గానీ, చేతగానిదేమీ కాదు.

ఇక మీ అమ్మ అడిగినదానికి జవాబు. పొద్దు లేనిచోట పూటలు మనమే చేసుకోవాలి. లేచే వేళ, తినే వేళ, పనివేళ తప్పనియ్యకు. వంటింట్లో నీ వంతు వచ్చిన రోజు నీ చదువు తీసి పక్కనబెట్టి అంట్లు తోము. నలుగురు నిన్ను నమ్మేది అక్కడే. నీళ్ళ విలువ నీకు చెప్పక్కర్లేదు. ట్యాంకరు వచ్చిన రోజు బిందెలతో పరుగెత్తినదానివి, ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళు గారపట్టిన అవ్వ ఒళ్ళో పెరిగినదానివి. అక్కడ ప్రియదర్శిని సరస్సు పైన గడ్డకట్టినా అడుగునుంచి తోడుకోవాలంట, అదీ కొలతగానే వాడు. నిప్పుతో మరీ జాగ్రత్త. చుట్టూ గడ్డకట్టిన నీరే అయినా ఆర్పడానికి పనికొచ్చే నీరు తక్కువ.

మనసును కూడా తట్టి చూసుకుంటూ ఉండు. నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా అది లోపలి పగులు. డాక్టరుకు చెప్పు. చలికాలంలో నెలల తరబడి ఓడ రాదు, విమానం దిగదు. అందుకని చిన్నదిగా ఉన్నప్పుడే చెప్పాలి. మగవాళ్ళ మధ్య పలచనైపోతానేమో అనుకోవద్దు. దాచిపెట్టుకుంటే నీతో పాటు అందరికీ కష్టమవుతుంది. ఎవరన్నా రెండు రోజులు మాట్లాడకుండా మూలన కూర్చుంటే, టీ పట్టుకెళ్ళి పక్కన కూర్చో. అది వాళ్ళను తట్టి చూడటం.

జ్ఞాపకానికని గులకరాయి కూడా తేవద్దు. నీ పనికి అనుమతి ఉన్నవి తప్ప. అక్కడ చాక్లెట్ కాగితం కూడా వదలొద్దు.

ఫోను కలిసినప్పుడు మీ అమ్మతో ముందు మాట్లాడు. తిన్నావా అని అడుగుతుంది, ఏం తిన్నావో చెప్పు, అది చాలు ఆమెకు. కలవకపోతే గాలి ఎక్కువగా ఉందనుకుంటాం, కంగారుపడం.

నీ పెట్టెలో స్వెటర్ల మధ్య చిన్న పలక ఒకటి పెట్టాను, చూసుకో. మన గనిదే. పెట్టేముందు తట్టి చూశాను, ఖంగుమంటోంది.

మీ నాయన