పరామర్శ

'పరామర్శ' అనే మాట విద్యార్థికి రెండు చోట్ల ఎదురవుతుంది. గ్రంథాలయంలో పరామర్శ గ్రంథాలుంటాయి. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళతాం. దగ్గరగా చూసి విచారించడమనే అర్థం రెండింటిలోనూ ఉంది. పుస్తకం విషయంలో పుట తిప్పకుండా అభిప్రాయం చెప్పం. మనిషి విషయంలో మాత్రం గడప దాటకముందే చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకుంటాం. కష్టంలో ఉన్నవారితో ఎలా మెలగాలో మా మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు అనుభవాల నుంచి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అయ్యో అనడం జాలి. ఎదుటివారికి ఏం జరిగిందో వాళ్ల వైపు నుంచి తెలుసుకోవడం సహానుభూతి. ఈ రెండోది లేకపోతే ఏమవుతుందో 1876-78 నాటి ధాత కరువు చెబుతుంది. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 ఆరంభంలో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికీ కాస్త చిల్లరకూ కుదించాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి మోసే మనిషి నిలవలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. అదే ఏడాది కూలి పెంచక తప్పలేదు. ఒకరు ఖాతా చూశారు, మరొకరు మనిషిని చూశారు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచెత్తింది. మఠంలోకీ వీధుల్లోకీ నీళ్లొచ్చాయి; జనం మేడలెక్కారు. నీళ్లు తీసిన తర్వాత నదీతీరాన మా బంధువుల ఇంటికి వెళ్లాం. వచ్చినవాళ్లంతా "పోనీలే, ప్రాణాలు దక్కినాయి" అంటున్నారు. మా పెద్దమ్మ తలూపుతోందే గాని పలకడం లేదు. పక్క వీధి ఆమె ఒకతి వచ్చింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. "గంప ఏడుందమ్మా?" అని అడిగి, బురద ఎత్తిపోయడం మొదలుపెట్టింది. కాసేపటికి పెద్దమ్మే నోరు విప్పింది: కొడుకు పదో తరగతి సర్టిఫికెట్టు తడిసిపోయిందట, ఆమె దిగులంతా అదేనట. అంతవరకూ అడిగినవాళ్లు లేరు. పంచిన చీరలు మాత్రం ఇంట్లో చాలానే ఉన్నాయి.

మన తరగతిలోనూ ఇలాంటివారున్నారు. వానలు సరిగా పడని ఏడు మా వైపు కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు పోతాయి. దీన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. అమ్మానాయనలతో పోయి, నెల తర్వాత తరగతికి వచ్చిన విద్యార్థిని మనం అడిగే మొదటి ప్రశ్న, "ఏమప్పా, ఇన్నాళ్లు ఎక్కడ తిరిగినావు?" అని. నవ్వుతూ అడిగినా అది నలుగురిలో గుచ్చుకుంటుంది. అతనికి కావలసింది పోయిన పాఠాల నోట్సు, హాజరు విషయంలో లెక్చరర్‌తో ఒక మాట, మధ్యాహ్నం పక్కన కూర్చుని తినే తోడు.

సహానుభూతి మెత్తని మాటలతోనే ఆగనక్కరలేదు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించారు. నేసేవాడి కష్టం నూలు దొరకడంలో, బట్ట అమ్ముడుపోవడంలో ఉందని తెలిస్తేనే అలాంటి సంఘం పుడుతుంది.

కాబట్టి ఆచరణలో నాకు తోచినవి నాలుగు:

1. ముందు వినాలి. మౌనంగా ఉంటే మనమూ మౌనంగా కూర్చోవచ్చు.
2. "ఇంతకన్నా పెద్ద కష్టాలున్నాయి" అని పోల్చరాదు.
3. "ఏమైనా కావాలంటే చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. "రేపు ఆస్పత్రికి నేను వస్తా" అనాలి.
4. పదిరోజుల తర్వాత మళ్లీ వెళ్లాలి. అందరూ వచ్చేది మొదటి రోజే. ఇల్లు ఖాళీ అయ్యేది ఆ తర్వాతే.

పరీక్షల్లో ఈ పాఠానికి మార్కులు లేవు. అయినా ఈ ఏడాది మన తరగతిలో ఎవరి కుర్చీ ఖాళీగా ఉందో చూసి, వాళ్లింటి దారి కనుక్కోవడంతో దీన్ని మొదలుపెట్టవచ్చు.