నరికిన చెరకులో చక్కెర ఎక్కడికి పోతుంది?

చెరకు గడ నమలని పిల్లలు మన ఊళ్ళలో ఎవరుంటారు? గడ నరికిన తరువాత అది ప్రాణం లేని కట్టె అని మీరనుకుంటారు. కాని చెరకు రైతును అడిగి చూడండి. నరికిన గడను ఎంత త్వరగా గానుగలో పెడితే అంత మంచిదంటాడు. ఎండలో నాలుగు రోజులు పడి ఉన్న చెరకుతో బెల్లం వండితే దిమ్మ సరిగా గట్టిపడదు, జిగటగా సాగుతుంది. ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి ఒకసారి కందకుర్తి వైపు వెళ్ళి వద్దాం.

కందకుర్తి నిజామాబాదు జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న గ్రామం. మంజీర, హరిద్ర నదులు అక్కడ గోదావరిలో కలుస్తాయి. మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931 నాటికి పూర్తయింది. కాలువల నీళ్ళు రావడంతో బోధన్ ప్రాంతంలో చెరకు సాగు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ వెలసిన బస్తీకి శక్కర్‌నగర్ అనే పేరు వచ్చింది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. ఆ తరువాత చెరకు వేసిన రైతు దాన్ని దూరంలోని మిల్లులకు పంపవలసి వచ్చింది. దూరం పెరిగితే కాలం పెరుగుతుంది. కాలం పెరిగితే చెరకులో ఏం జరుగుతుందో చూడండి.

గడలోని కనపడని కత్తెర

చెరకులో ఉండే చక్కెర పేరు సుక్రోజ్. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జతకూడితే ఒక సుక్రోజ్ అణువు అవుతుంది. గడలోని కణాల్లో ఇన్వర్టేజ్ అనే ఎంజైము ఉంది. అది కత్తెరలాగా ఈ జతను విడగొడుతుంది. పెరిగే మొక్కకు ఈ పని అవసరమే. లేత కణుపులు పెరగడానికి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కావాలి. అందుకే గడ కొసన ఇన్వర్టేజ్ ఎక్కువ, సుక్రోజ్ తక్కువ. నరికేటప్పుడు కొసలు తీసివేయడానికి ఇదొక కారణం.

గడను నరికినా ఇన్వర్టేజ్ తన పని మానదు. నిలవ ఉన్న చెరకులో సుక్రోజ్ రోజురోజుకూ తగ్గిపోతుంది. విచిత్రమేమిటంటే మీ నాలుకకు ఇది వెంటనే తెలియకపోవచ్చు. ఫ్రక్టోజ్ మామూలు చక్కెర కంటే తియ్యన! కాని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సుక్రోజ్‌లాగా సులభంగా పలుకు కట్టవు. పైగా మిగిలిన సుక్రోజ్‌ను కూడా సరిగా పలుకు కట్టనివ్వవు. మిల్లులో అవి మడ్డితోపాటు పోతాయి. బెల్లం గట్టిపడకపోవడానికి కారణం కూడా ఇదే.

ఎండ పెరిగితే వేగం పెరుగుతుంది

ఎంజైము అంటే ప్రాణులు తయారు చేసుకునే ఉత్ప్రేరకం. దాదాపు ఎంజైములన్నీ ప్రోటీనులే. వాటి పని వేగం పరిసరాలను బట్టి మారుతుంది. అందులో మొదటిది ఉష్ణోగ్రత. వేడి పెరిగితే అణువులు చురుకుగా కదులుతాయి, ఒకదాన్నొకటి ఎక్కువసార్లు తాకుతాయి. స్థూలంగా చెప్పాలంటే 10 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఆ లెక్కన 20 డిగ్రీల చలిరోజు కంటే 40 డిగ్రీల ఎండరోజు వేగం సుమారు నాలుగు రెట్లు! పుష్యమాసంలో ఆగిన బండి కంటే చైత్రంలో ఆగిన బండి వల్ల నష్టం ఎందుకు ఎక్కువో ఇప్పుడు అర్థమయింది కదూ?

మరి వేడి పెంచుతూ పోతే? వేగం ఒక హద్దు వరకే పెరుగుతుంది. ఆ తరువాత ప్రోటీను మడతలు విడిపోయి ఎంజైము తన ఆకారాన్ని పోగొట్టుకుంటుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్ళీ పచ్చిది కానట్లే, ఉడికిన ఎంజైము కూడా మామూలుగా మళ్ళీ పనిచేయదు. చలి సంగతి వేరు. చలిలో ఎంజైము నిద్రపోతుంది, వెచ్చబడగానే లేస్తుంది.

పులుపు సంగతి

రెండవది ఆమ్లత్వం. దీన్ని కొలిచే పిహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. పిహెచ్ 7 అయితే తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ప్రతి ఎంజైముకూ తనకు నచ్చిన పిహెచ్ ఉంటుంది. మన ఉమ్మిలోని అమైలేజ్‌కు 7 దగ్గర హాయి. జీర్ణాశయంలోని పెప్సిన్‌కు 2 దగ్గర హాయి. చెరకు రసం పిహెచ్ సుమారు 5 నుంచి 5.5. అది ఇన్వర్టేజ్‌కు అనుకూలమైనదే!

చక్కెర మిల్లులో రసానికి సున్నం కలిపి బాగా కాచడం మీరు వినే ఉంటారు. సున్నం పులుపును విరుస్తుంది. మరుగు వేడి ఎంజైములనూ సూక్ష్మజీవులనూ నాశనం చేస్తుంది. సున్నం కలపకుండా కాస్తే ఆ పులుపులో, ఎంజైము లేకపోయినా, సుక్రోజ్ విడిపోతూనే ఉంటుంది. అందువల్ల సున్నమూ కావాలి, వేడీ కావాలి.

కాటా ముందు బండ్లు

మూడవది పదార్థం గాఢత. మిల్లులో ఒకే కాటా ఉందనుకోండి. గంటకు రెండు బండ్లు వస్తే రెండే తూగుతాయి, అయిదు వస్తే అయిదు తూగుతాయి. కాని యాభై బండ్లు ఒక్కసారి వస్తే? కాటా తన శక్తికి మించి తూచలేదు. ఎంజైము కూడా అంతే. సుక్రోజ్ పెరిగే కొద్దీ మొదట వేగం పెరుగుతుంది. అణువులన్నీ పనిలో ఉన్నప్పుడు అక్కడే నిలిచిపోతుంది. 1913లో మైకేలిస్, మాడ్ మెంటెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని లెక్కగా చూపారు. వారు పరిశీలించిన ఎంజైము ఏదో తెలుసా? మన ఇన్వర్టేజే!

మీరే చేసి చూడండి

పలుచని గంజిని నాలుగు గ్లాసుల్లో రెండేసి చెంచాలు పోయండి. నోరు కడుక్కొని, మీ ఉమ్మిని కొంచెం నీటిలో కలుపుకోండి. మొదటి గ్లాసులో ఒక చెంచా ఉమ్మినీరు పోసి గోరువెచ్చని నీటిలో ఉంచండి. రెండవ గ్లాసును మంచునీటిలో బాగా చల్లబరచి, చల్లబరచిన ఉమ్మినీరు కలపండి. మూడవ దానిలో మరిగించి చల్లార్చిన ఉమ్మినీరు పోయండి. నాలుగవ దానిలో ఒక చెంచా వెనిగర్ కలిపి ఆ తరువాత ఉమ్మినీరు పోయండి. మూడు, నాలుగు గ్లాసులను కూడా గోరువెచ్చని నీటిలోనే ఉంచండి.

రెండు నిమిషాలకొకసారి ఒక్కొక్క చుక్క తీసి తెల్లని పింగాణీ పళ్ళెంలో వేసి, టింక్చర్ అయోడిన్ చుక్క తగిలించండి. గంజి ఉంటే నీలిరంగు వస్తుంది. మొదటి గ్లాసులోని గంజి ముందుగా నీలిరంగు ఇవ్వడం మానుతుంది. రెండవది చాలా ఆలస్యం చేస్తుంది. మూడు, నాలుగు నీలంగానే ఉంటాయి. ఇప్పుడు రెండవ గ్లాసును మంచులోంచి తీసి వెచ్చని నీటిలో పెట్టండి. నిద్ర లేస్తుంది! మూడవది మాత్రం లేవదు. వెనిగర్‌కు బదులు నిమ్మరసం వాడకండి. దానిలోని సి విటమిన్ అయోడిన్ రంగునే పోగొడుతుంది, మీరు మోసపోతారు. అయోడిన్ విషం. గ్లాసుల్లోనిది పారబోసి చేతులు కడుక్కోండి.

రైతుకు పనికివచ్చేది

ఇప్పుడు తిరిగి పొలానికి వద్దాం. నరికిన చెరకులో నీరు ఆవిరైతే తూకం తగ్గుతుంది. తూకం తగ్గితే రైతుకు వచ్చే డబ్బు తగ్గుతుంది. గడ ఎండేకొద్దీ ఇన్వర్టేజ్ చురుకుదనం కూడా పెరుగుతుంది. కోత గాయాల నుంచి బాక్టీరియా లోపల చేరి మరికొంత చక్కెరను తినేస్తుంది. ఆ చక్కెర తగ్గితే మిల్లుకూ నష్టమే. అందుకే వీలైతే 24 గంటల్లో గడ గానుగకు చేరాలంటారు. ఆలస్యం తప్పనప్పుడు మోపులను నీడన ఉంచి, చెరకు ఆకు కప్పి, నీళ్ళు చల్లితే నష్టం తగ్గుతుంది. నీడ, తడి, త్వరగా చేర్చడం: ఈ మూడూ ఆ కనపడని కత్తెరను నెమ్మదింపజేసే ఉపాయాలే.

చివరగా మీకొక ప్రశ్న. నిజామాబాదు రైతులు పసుపు తవ్విన తరువాత కొమ్ములను ఉడకబెట్టి ఎండబెడతారు. ఉడికిన కొమ్ము మళ్ళీ మొలకెత్తదు. ఎందుకో, మీ మూడవ గ్లాసును గుర్తు చేసుకొని ఆలోచించండి.