ఇరుకు సి డ్రైవ్ నేర్పిన ఏడు పాఠాలు

సింహాద్రిపురంలో నేను కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అంతకుముందు ప్రొద్దుటూరులో రేడియోలు, టీవీలు విప్పి బిగించిన చేతులివి. ఇన్నేళ్లలో నా బల్ల మీదికి ఎక్కువసార్లు వచ్చిన జబ్బు వైరస్ కాదు, కాలిపోయిన బోర్డూ కాదు. సి డ్రైవ్ కింద ఎర్రగీత. పక్కనే డి, ఈ డ్రైవ్‌లు బీడు నేలలా ఖాళీగా పడి ఉంటాయి. విండోస్ ఎక్కించిన సి మాత్రం ఊపిరాడక మూలుగుతూ ఉంటుంది. ఆ హద్దుల్లో చాలావాటిని ఒకప్పుడు నేనే, నా చేత్తోనే గీశాను. అందుకే ఈ నాలుగు మాటలూ చెప్పకుండా దుకాణం మూయడానికి నాకు మనసొప్పడం లేదు. ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు వింటారనే నమ్మకంతో రాస్తున్నాను.

1. మొక్కను చూసి గుంత తవ్వొద్దు, మానును తలచుకుని తవ్వు.

ఇది మా నాయన మాట. మా ఊరి చుట్టూ చీనీ తోటలే. నాటేటప్పుడు చీనీ మొక్క మోకాలెత్తు కూడా ఉండదు. మొక్కకూ మొక్కకూ 20 అడుగుల ఎడం వదలమని ఆయన చెబితే, మధ్యలో అంత నేల వృథా అనిపించి నేను 14 అడుగులకే గుంతలు తీయించాను. ఎనిమిదేళ్లకు కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయి. లోపలికి ఎండ దూరలేదు. కాయ పైకొమ్మలకే మిగిలింది. దుకాణంలోనూ ఇదే తప్పు చేశాను. 2003లో 40 జీబీ డిస్కు అంటే పెద్ద ఆస్తి. విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ అడిగింది 1.5 జీబీ. నేను 5 జీబీ ఇచ్చి, ధారాళంగా ఇచ్చాననుకుని, మిగతాది డి, ఈ, ఎఫ్‌లకు పంచాను. అప్పట్లో మా పనివాళ్లందరి పద్ధతీ అదే. విండోస్ చెడితే సి ఒక్కటే ఫార్మాట్ కొట్టొచ్చు, డిలో సరుకు భద్రంగా ఉంటుంది. ఆలోచన మంచిదే, కొలతే తప్పు. 2004లో రెండో సర్వీస్ ప్యాక్, 2008లో మూడోది వచ్చాయి. వాటితోనే ఆ 5 జీబీ నిండింది. 2009లో వచ్చిన విండోస్ 7, 64 బిట్ రకానికి 20 జీబీ అడిగింది. 2021లో విండోస్ 11 ఏకంగా 64 జీబీ అడిగింది. ఇరవై ఏళ్లలో నలభై రెట్లు దాటింది. పైగా ఆ అంకెలు ఎక్కించడానికి కావలసిన కనీసపు చోటే చెబుతాయి, ఆ తర్వాత పదేళ్లు బతకడానికి ఎంత కావాలో చెప్పవు. ఇప్పుడు నేను కనీసానికి రెండింతలకు తగ్గించి ఎవరికీ ఇవ్వను.

2. చెత్త ఊడ్చినంత మాత్రాన ఇల్లు పెద్దది కాదు.

ఎర్రగీత కనబడగానే మొదట ఊడ్చడం సబబే. టెంప్ ఫైళ్లు, రీసైకిల్ బిన్, కొత్త విండోస్ ఎక్కాక మిగిలిపోయే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డరు, ఎవరూ వాడని హైబర్నేషన్ ఫైలు, ఇవి తీస్తే ఒక్కోసారి పది, ఇరవై జీబీలు తేలుతాయి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో కుప్ప పోసినవన్నీ నిజానికి సిలోనే ఉంటాయని చాలామందికి తెలియదు. ఆ ఫోల్డర్ల లొకేషన్ డికి మార్చితే సగం భారం దిగుతుంది. అయితే అలవాటు మీద నా చేయి హద్దు దాటింది. విండోస్ ఫోల్డరు లోపల ఇన్‌స్టాలర్ అనే దాగిన ఫోల్డరు ఒకటి బాగా బరువుగా కనబడితే, పనికిరానిదనుకుని ఒక లెక్కల మాస్టారి కంప్యూటర్‌లో దాన్ని మొత్తం తుడిచేశాను. ఆ రోజు ఎర్రగీత నీలంగా మారింది. ఇద్దరం సంతోషించాం. మూడు నెలల తర్వాత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఎక్కదు, తీసేద్దామంటే తీయడానికీ రాదు. అందుకు కావలసిన మూలాలన్నీ ఆ ఫోల్డరులోనే ఉండేవి. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డరు సంగతీ అంతే. దాన్ని చేత్తో తాకకూడదు, విండోస్ ఇచ్చిన డిస్క్ క్లీనప్ లాంటి సాధనంతోనే తగ్గించాలి. దేని పని ఏమిటో తెలియనప్పుడు అది చెత్తో, ఇంటి దూలమో చెప్పలేం.

3. చోటు ఉంటే చాలదు, అది నీ గెనిమ పక్కన ఉండాలి.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అనే సదుపాయం ఉంది. విస్టా నుంచి సి డ్రైవ్‌నూ దానితో పెంచుకోవచ్చు. తొలిసారి నేను డిని 50 జీబీ ష్రింక్ చేసి, సి మీద కుడి క్లిక్ ఇచ్చి చూస్తే ఎక్స్‌టెండ్ అనే మాట బూడిద రంగులోనే ఉండిపోయింది. మధ్యాహ్నమంతా తలపట్టుకున్నాను. విషయం రైతుకు చెబితే ఒక్క మాటలో అర్థమవుతుంది. సి పడమటి చేను, డి తూర్పు చేను. డి రైతు 50 సెంట్లు ఇస్తానన్నాడు, కానీ ఇచ్చింది తన చేనులో తూర్పు కొసన. మధ్యలో అతని పొలమే అడ్డం. ష్రింక్ చేసినప్పుడు చోటు ఎప్పుడూ డ్రైవ్ చివరనే తేలుతుంది. సికి కావలసింది తన కుడి గెనిమకు, అంటే గట్టుకు, ఆనుకున్న నేల. దారులు రెండే. డిలో ఉన్నదంతా వేరే డిస్కులోకి తీసి, డిని తొలగించి, సిని పెంచి, మిగిలిన చోట డిని మళ్లీ కట్టడం ఒకటి. జీపార్టెడ్ లాంటి సాధనంతో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి డిని మొత్తంగా కుడివైపు జరపడం రెండోది. మొదటిది శ్రమ, రెండోది సాహసం. వయసులో ఉన్నప్పుడు నేను ఎప్పుడూ రెండోదే ఎంచుకున్నాను.

4. పటం చదవకుండా గట్టు కదిలించొద్దు.

పాత డిస్కుల్లో ఎంబీఆర్ అనే పట్టిక ఉంటుంది. అందులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు. అందుకే డి, ఈ, ఎఫ్‌లు చాలాసార్లు ఎక్స్‌టెండెడ్ అనే ఒకే ప్రహరీ లోపల గదుల్లా ఉంటాయి. డిని తొలగిస్తే ఆ చోటు ఆకుపచ్చ పట్టీగా, ఫ్రీ స్పేస్ అని కనిపిస్తుంది. అది ఇంకా ప్రహరీ లోపలి ఖాళీయే, సికి అందదు. ప్రహరీ కూడా తొలగి, పట్టీ నల్లగా మారి, అన్‌అలొకేటెడ్ అని చూపితేనే సి దాన్ని కలుపుకోగలదు. ఆకుపచ్చకూ నలుపుకూ ఉన్న ఈ తేడా తెలియక నేను పోగొట్టుకున్న పూటలు లెక్కలేదు. కొత్త డిస్కుల్లో జీపీటీ పట్టిక వచ్చి నాలుగు అనే హద్దు పోయింది. దాని బదులు సి పక్కనే రికవరీ పార్టిషన్ అడ్డంగా కూర్చుంటోంది. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళమూ ఉండవచ్చు. ఒకసారి అది చూసుకోకుండా గట్లు జరిపాను. తెరిచేసరికి 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ లాప్‌టాప్ గల అమ్మాయి ఎప్పుడో తెరిచి మరిచిపోయిన మెయిల్ ఖాతాలో ఆ కీ దొరికేదాకా రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పని మొదలుపెట్టే ముందు పటం మొత్తాన్ని కాగితం మీద గీసుకో. ఏ గది ఎంత, ఎవరి పక్కన ఎవరు, తాళం ఎవరి దగ్గర ఉంది. ఆ కాగితానికి అయ్యేది పది నిమిషాలు.

5. ఒక్కచోటే ఉన్న సరుకును ఉన్నట్టు లెక్కపెట్టొద్దు.

ఇది రాయడానికి చేయి ఆడటం లేదు. 2012 వేసవి, కరెంటు కోతల కాలం. ఒక ఫోటో స్టూడియో అబ్బాయి కంప్యూటర్ తెచ్చాడు. సి 20 జీబీ, నిండిపోయింది. డి నిండా పెళ్లి ఫోటోలు. “అన్నా, ఫోటోలకేం గాదు గదా?” అని అడిగాడు. “ఏం గాదులే, పొద్దున రా” అన్నాను. కాపీ తీయడానికి అంత పెద్ద డిస్కు నా దగ్గర లేదు. తెప్పించడానికి ఓపిక లేదు. పార్టిషన్ జరపడమంటే అందులోని ప్రతి ముక్కనూ చదివి పక్కచోట మళ్లీ రాయడం. గంటలు పడుతుంది, ఒక్కోసారి రాత్రంతా. సగంలో ఆగితే కొంత పాతచోట, కొంత కొత్తచోట మిగిలి, ఒకదాని మీద ఒకటి రాసుకుపోయి ఉంటుంది. రాత్రి కరెంటు పోయింది. పోతుందని నాకు తెలుసు. పాత బ్యాటరీ ఉన్న యూపీఎస్ పది నిమిషాలు కూత పెట్టి ఆరిపోయింది. తర్వాత వారం రోజులు ఫోటోరెక్ అనే సాధనంతో ఏరాను. పేర్లు లేని ఫోటోలు వేలుగా దొరికాయి. చాలావాటిలో పై సగమే బొమ్మ, కింద సగం బూడిద రంగు. మూడు పెళ్లిళ్లవి అలా అయ్యాయి. దసరా తర్వాత ఒక ఇంటివాళ్లు స్టూడియోకు వచ్చారట. వాళ్ల జేజి చనిపోయింది, దినాలకు పటం కట్టించాలి, మనవరాలి పెళ్లిలో అక్షింతలు వేస్తున్నప్పుడు తీసిన ఫోటో ఒకటి ఉండాలి అని. ఉంది. ముఖం దాకా. చేతులు లేవు. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సగం ఫోటో ప్రింటు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పెళ్లిని మళ్లీ చేయించలేం, జేజిని తేలేం. నాయనా, ముందు కాపీ తియ్యి. తీసిన కాపీలోంచి ఓ పది ఫైళ్లు తెరిచి చూడు. ఆ డిస్కు కేబుల్ ఊడదీసి పక్కన పెట్టు. కరెంటు ఏర్పాటు చూసుకో. అప్పుడు గట్టు మీద చేయి వెయ్యి.

6. తెలియనిదాన్ని తెలియదని చెప్పు, ఎదుటివాడి దారి మూయకు.

2006లో పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల, 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చాక లినక్స్ కూడా నా బల్ల మీదికి రావడం మొదలైంది. విండోస్ పక్కన ఉబుంటును పది, పన్నెండు జీబీలలో ఇరికించి పెట్టేవారు పిల్లలు. కొన్నాళ్లకు రూట్ నిండిపోయి, పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి వెళ్లకుండా మళ్లీ మొదటి తెరకే వచ్చేది. సెలవులకు ఊరొచ్చిన ఒక అమ్మాయి ఇలాంటి లాప్‌టాప్ తెస్తే, “నీకెందుకమ్మా ఇది, విండోస్ చాలు” అని లినక్స్ మొత్తం తుడిచేశాను. నాకు చేతకాలేదన్న మాట పైకి అనలేదు. మరుసటి ఏడు ఆ అమ్మాయే వచ్చి నాకు నేర్పింది. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంను వాడుతూ ఉండగానే పెంచవచ్చు, తగ్గించాలంటే మాత్రం దాన్ని అన్‌మౌంట్ చేయాలి. బూట్ పార్టిషన్ నిండితే పాత కెర్నెళ్లను చేత్తో తుడవకుండా ప్యాకేజీ మేనేజరుతోనే తీయించాలి. మొదట్లోనే ఎల్‌వీఎం పద్ధతిలో కడితే చోటు పక్కన ఉండాల్సిన పనే లేదు. ఇంకో డిస్కులో ఉన్న ఖాళీనైనా కలుపుకోవచ్చు. గెనిమ గొడవ లేని పొలం ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. నా కూతురి వయసు పిల్ల అది. నేను మూసిన దారిని తనంతట తను తెరుచుకుని, మళ్లీ నా కోసం వెనక్కి వచ్చింది.

7. సర్దుబాటుకూ ఒక హద్దుంది, అది వచ్చినప్పుడు ఉన్నమాట చెప్పు.

పక్క ఊరిలో నెట్ సెంటర్ నడిపే ఒకతను ఏడుసార్లు నా దగ్గరికి వచ్చాడు. వచ్చినప్పుడల్లా సిలో నాలుగైదు జీబీలు తేల్చి 300 తీసుకున్నాను. ఏడు మూడువందలు 2,100. ఆ డబ్బుతో అప్పటికే కొత్త ఎస్ఎస్‌డీ వచ్చేది. పాత డిస్కును అందులోకి క్లోన్ చేసి, సిని పెంచి ఇస్తే అతను మళ్లీ బస్సెక్కే పని ఉండేది కాదు. నేను మోసం చేయాలనుకోలేదు. గండం గట్టెక్కించే పనితనం మీద మోజు, అంతే. దాని ఖర్చు అతను పెట్టుకున్నాడు. 32 జీబీ నిల్వ బోర్డుకే అతికి ఉన్న లాప్‌టాప్‌లలో ఏ గట్టు ఎటు జరిపినా ఒరిగేది లేదు, ఉన్నదే అంత. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 వాటిలో పట్టదు. అలాంటివి వస్తే ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నాను, ఇందులో తేలికైన లినక్స్ ఏదైనా ఎక్కించుకో, లేదా మార్చుకో అని. డిస్కు మార్చినవాళ్లకు పాత డిస్కు నెల రోజులు తుడవకుండా దాచుకోమని చెబుతాను.

చివరికి ఆ చీనీ తోటలో చెట్టు విడిచి చెట్టు కొట్టించాల్సి వచ్చింది. కాపు మీదున్న చెట్లు. గొడ్డలి పడుతుంటే మా నాయన చూడలేక ఇంటికి వెళ్లిపోయాడు. మిగిలినవాటికి ఎండ తగిలి, రెండేళ్లకు కింది కొమ్మల్లో మళ్లీ కాయ కనిపించింది. తోట బతికింది. కానీ నరికిన చెట్లు చేసిన తప్పేమీ లేదు. ఇరుకులో పెట్టినదాన్ని బాగుచేయడమంటే ఎప్పుడూ ఇంతే. పక్కదేదో ఒకటి కదలాలి, లేదా పోవాలి.

అందుకే కొత్త డిస్కు మీద మొదటి గీత గీసే ముందు ఇప్పుడు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఒకటే అడుగుతాను, ఐదేళ్ల తర్వాత దీంతో ఏం పని చేస్తుంటావు అని. గుంతలు తీయించే రోజు మా నాయన నన్ను అడిగింది కూడా అదే, ఎనిమిదేళ్లకు ఈ చెట్టు ఎంత అవుతుందో చూశావా అని. నేను ఆ రోజు వినలేదు. నువ్వు వింటున్నావనే రాశాను.